తోక సైకిలు

మా అత్తగారు పద్మావతిగారు పెళ్ళైన ఇన్నేళ్ళలో నాకు ఇచ్చిన పదవి ఒక్కటే. మా ఆయన సైకిలు వెనక సైకిలు.

"వాడెలాగూ నా మాట వినడు. నువ్వు వాడి వెనకాలే ఉండమ్మా. కంటికి కనపడకుండా పోనివ్వకు," అన్నారు దీపావళి మర్నాడు, చందానగర్‌లో మా ఫ్లాట్ బాల్కనీలో జిడ్డు ప్రమిదలు ఏరుతూ.

నాకు నవ్వొచ్చింది. నేను సైకిలు తొక్కింది నరసాపురంలో, పదో తరగతి దాకా. ఆ తర్వాత మాదాపూర్ ఆఫీసులో కుర్చీలో కూర్చుని, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం తప్ప నా కాళ్ళు పడ్డ కష్టం ఏమీ లేదు. కానీ అత్తయ్య నవ్వడం లేదు. నేనూ మానేశాను.

వానాకాలంలో శ్యామ్‌కి గుండెలో స్టెంట్ వేశారు. ఆఫీసు మెట్లెక్కుతూ ఎడమ చెయ్యి లాగుతోందని కూలబడితే, తోటివాళ్ళు క్యాబ్‌లో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. అంతకు ముందు ఆదివారం దాకా సైకిలు గ్రూపులో అందరికన్నా ముందు పోయిన మనిషి. దీపావళికి ముందు డాక్టరుగారు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, కాగితాలన్నీ చూసి, "ఇంక తొక్కుకోవచ్చు. ఒకటే షరతు. ఆయాసం వస్తే ఆగాలి. అలాగే పడకూడదు, రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు," అన్నారు. ఒకటే షరతని రెండు చెప్పారేమిటని నేను లెక్కపెట్టుకుంటున్నాను. శ్యామ్‌కి మాత్రం 'తొక్కుకోవచ్చు' ఒక్కటే వినపడింది.

ఆ సాయంత్రమే, మాఘమాసంలో అనంతగిరి కొండల్లో జరిగే మౌంటెన్ బైక్ రేసుకి పేరిచ్చేశారు. కొత్తవాళ్ళు తొక్కే చిన్న చుట్టే. అయినా కొండ కొండే కదా.

"ఇప్పుడు రేసెందుకండీ?" అన్నాను.

"గెలవడానికి కాదులే."

"మరి?"

 ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి, అప్పుడే వచ్చిన వాటర్ క్యాన్ ఎత్తబోయారు. వంటింట్లోంచి నేను, హాల్లోంచి అత్తయ్య ఒకేసారి పరిగెత్తాం. నేను క్యాన్ లాక్కున్నాను, అత్తయ్య కొడుకుని లాక్కున్నారు.

"ఆయాసంగా ఉందా?" అన్నాం ఇద్దరం.

"ఇంకా ఎత్తందే!" అన్నారాయన.

మా ఇంట్లో రోజంతా నడిచే సంభాషణ అదే. ఆయాసంగా ఉందా? లేదు. ఉందేమో చూసుకో. లేదు. తుమ్మినా ఇద్దరం హాజరు. ఉప్పు లేని పప్పు, నూనె లేని వేపుడు ఆయన ముందు పెట్టి, తింటున్నంతసేపూ మొహంలోకి చూసేవాళ్ళం. అదీ నా పదవికి వెనకున్న కథ.

*

గ్రూపు కెప్టెన్ పేరు భవాని. ఊరు సిద్దిపేట దగ్గర. చందానగర్ మార్కెట్ వెనక డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. వారమంతా ఐటీ వాళ్ళకి క్లచ్చేదో బ్రేకేదో చెప్పి చెప్పి గొంతు బాగా పదునెక్కింది. ఆదివారం ఆ గొంతు మామీదే. తెల్లవారకముందే బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర మమ్మల్ని వరసగా నిలబెట్టి, తన కూతురి జడ రిబ్బను ఒకటి, ఎర్రది, తెచ్చి నా సీటు వెనక కట్టింది.

"అక్కా, ఇగ నువ్వు తోక. తోక ఎవ్వర్నీ దాటొద్దు. ముందటోళ్ళు ఆగితే తోక ఆగాలె. పంచరైతే పక్కన కూసోవాలె. తోక వచ్చిందంటే అందరొచ్చినట్టు. సమజైందా?"

"అయింది. ప్రతి వారం తోక మారుతుందటగా?"

"మారుతది. ఎవ్వరికి ఇష్టముండది గద, ఆఖర్ల పోవుడు."

"నాకిష్టమే. సీజనంతా నాకే ఉంచు."

భవాని నన్ను చూసింది. వరసలో చివర నిలబడి హెల్మెట్ పట్టీ సరిచేసుకుంటున్న శ్యామ్‌ని చూసింది. స్టెంట్ సంగతి గ్రూపులో అందరికీ తెలుసు.

"నీ ఇష్టమక్కా," అంది.

అలా ఆ చలికాలం మొదలైంది. దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి, నానక్‌రాంగూడ దగ్గర సోలార్ కప్పు కింద సైకిలు దారి, ఖాజాగూడ గుట్టల్లో రాళ్ళ బాట. గండిపేట మీద సూర్యోదయాలు చాలా బాగున్నాయని గ్రూపులో ఫొటోలు పెట్టేవారు. అవి నేనెప్పుడూ చూడలేదు. నేను చూసింది శ్యామ్ వీపు. ఆకుపచ్చ జెర్సీ, నడుం దగ్గర చెమట మరక. భుజాలు పైకి లేస్తే ఊపిరి చాలడం లేదని, మెడ కిందికి దిగితే మొండికేశారని నాకు అర్థమైపోయేది. "ఏవండీ, ఆగుదామా?" అని అరిచేదాన్ని. మెడ ఇంకా కిందికి దిగేది.

ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు. ముందువాళ్ళు ఇరానీ చాయ్ కోసం ఆగితే ఆయనా ఆగేవారు. ఎర్ర లైటు పడితే ఆగేవారు. ఆయాసానికి మాత్రం ఆగింది లేదు.

ఇందులో నాకు తెలియకుండా జరిగింది ఒకటుంది. మెల్లగా పోయేవాళ్ళ వెనక ఇంకా మెల్లగా పోవడం మహా కష్టం. సైకిలు పక్కకి ఒరిగిపోకుండా, కాలు కింద పెట్టకుండా, బ్రేకు మీద రెండు వేళ్ళుంచి రాళ్ళ మధ్య నిలదొక్కుకోవాలి. మొదట్లో వారానికో చోట దెబ్బ తగిలించుకున్నాను. సంక్రాంతికి ఊరు ఖాళీ అయి రాయదుర్గం రోడ్లన్నీ మా చేతికొచ్చేసరికి, శ్యామ్ ఎంత నెమ్మదిగా ఎక్కితే నేనంత నెమ్మదిగా ఎక్కగలిగేదాన్ని. ఆఫీసులో లిఫ్టు మానేశాను. మెట్ల మీద నాకు ఆయాసం రావడం లేదని ఇంట్లో చెప్పలేదు. ఆ మాట మా ఇంట్లో అనేది కాదు.

*

అమీన్‌పూర్ చెరువు అవతల ఒక ఎగుడు ఉంది. నిండా గులకరాళ్ళు, పక్కన తుమ్మ కంప. మా గ్రూపు దానికి 'మేనేజర్' అని పేరు పెట్టింది, ఎంత తొక్కినా తృప్తి పడదని. పండగ వెళ్ళిన ఆదివారం భవాని మమ్మల్ని అక్కడికి తోలుకెళ్ళింది.

"అనంతగిరిల గిసొంటియి నాలుగున్నయి. ఎక్కలేనోళ్ళు దిగి నడువుండ్రి. నామోషీ ఏం లేదు," అంది.

సగం మంది దిగి నడిచారు. శ్యామ్ దిగలేదు. సగం ఎక్కేసరికి భుజాలు చెవుల దాకా వచ్చాయి. గుండె వేగం లెక్కపెట్టే చేతి వాచీ కుయ్ కుయ్ మంటోంది.

"ఆగండి!" అన్నాను. "ఏవండీ, మీకే! ఆగండి!"

ఆగలేదు. పైకి ఇంక నాలుగు బారలుందనగా ముందు చక్రం ఒక రాయి మీదికెక్కి పక్కకి తిరిగింది. మనిషి కంపలో పడ్డారు.

పెద్ద దెబ్బేమీ కాదు. మోచేతి నుంచి మణికట్టు దాకా ముల్లు గీత. మామూలు మనిషికైతే ఉమ్మి రాసుకుని లేచిపోయేంత. కానీ రక్తం ఆగలేదు. భవాని తన చున్నీ మడిచి ఒత్తిపట్టుకుంది. చున్నీ తడిసింది. ఇంకో మడత వేసింది.

"దవాఖానకు పోదామా అన్నా?"

"వద్దు. ఆగుతుంది."

"ఆయాసంగా..." అని మొదలుపెట్టాను.

"లేదు," అన్నారు, మాట పూర్తవకముందే. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

చాలాసేపటికి రక్తం ఆగింది. 

అత్తయ్య తలుపు తీసి చెయ్యి చూశారు, జెర్సీ మీద మరకలు చూశారు. అరవలేదు. నెమ్మదిగా లోపలికి వెళ్ళి సోఫాలో కూర్చుని, "రేసూ వద్దు గీసూ వద్దు. సైకిలు అమ్మేసెయ్," అన్నారు.

"అమ్మా, ముల్లు గీసుకుంది, అంతే."

"అంతేనా! ఆ రోజు మెట్ల మీద కూడా అంతే అన్నావు."

ఆయన నావైపు చూశారు, నేను ఆదుకుంటానని. నేను ఆదుకోలేదు.

"అత్తయ్యగారు చెప్పింది నిజం. మీరు ఆగరు. డాక్టరుగారు కోరింది అదొక్కటే కదండీ! మీ వెనక నేనెలా వస్తున్నానో మీకేం తెలుసు? గుండె చేత్తో పట్టుకుని వస్తున్నాను. ఏదో ఒక ఎగుడు దగ్గర మీరు నా కళ్ళముందే పడిపోతారు, నేను చూస్తూ ఉంటాను. నాకు భయంగా ఉంది."

ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను.

ఆయన బూట్లు విప్పి గోడ పక్కన పెట్టారు. తర్వాత, "ఆస్పత్రి నుంచి వచ్చాక ఈ ఇంట్లో నేను ఒక్క పని చెయ్యలేదు ఉదయా. చెయ్యనివ్వలేదు మీరు. ఆ ఒక్క కొండా తొక్కి వస్తాను. తర్వాత మీరు సైకిలు అమ్మేసినా నేనేమీ అనను," అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

అత్తయ్య కొడుకుని చూసి, నన్ను పిలిచి, అరచెయ్యి చాపారు.

"వాడి వెనకే ఉంటానని నా చేతిలో చెయ్యి వెయ్యి. రేసు మొదలైనప్పట్నుంచి అయ్యేదాకా. వాణ్ణి దాటనని."

వెనక ఉండమంటూనే ఆ ఇంట్లో అందరూ నన్నే ముందుకు తోస్తున్నారు. చెయ్యి వేశాను. ఆ రాత్రే రేసుకి నా పేరూ ఇచ్చాను.

*

అనంతగిరిలో ఆ ఉదయం మంచు చెట్ల కిందే ఆగిపోయి ఉంది. చిన్న చుట్టు తొక్కేవాళ్ళందరినీ, ఆడా మగా కలిపి, ఒకేసారి వదిలారు. కొంత దూరం వెడల్పు మట్టి దారి. తర్వాత అడవిలోకి సన్నటి బాట. ఒక సైకిలు పట్టే వెడల్పు, రెండు వైపులా పొదలు. ఆ బాటలోనే మొదటి ఎగుడు. అమీన్‌పూర్‌ది మేనేజరైతే ఇది వైస్ ప్రెసిడెంటు.

నా ముందు ఆకుపచ్చ వీపు. భుజాలు లేచాయి, మెడ దిగింది. నాకు వచ్చిన విద్యంతా చూపించి, రెండు వేళ్ళు బ్రేకు మీద పెట్టి, నత్తలాగా వెనకే వెళుతున్నాను. నా సీటుకి ఎర్ర రిబ్బను లేదన్న సంగతే గుర్తు లేదు. నా వెనక ఎవరైనా ఉంటారన్న ఊహే లేదు. చలికాలమంతా నా వెనక ఎవరూ లేరు మరి.

"జరుగక్కా!"

భవాని గొంతు. ఉలిక్కిపడి చూస్తే నా వెనక ఆఫీసులు వదిలాక బయోడైవర్సిటీ జంక్షన్ ఎలా ఉంటుందో అలా ఉంది. బాట పొడుగునా సైకిళ్ళు ఆగిపోయి ఉన్నాయి. ఎవరో ఈల వేస్తున్నారు.

"గిది ఆదివారం రైడ్ కాదక్కా, రేసు! పోతె పో, లేకుంటె పక్కకు జరుగు! ఇంతమందిని ఆపుకోని ఏం జేస్తున్నవ్?"

నిజమే, తోకని పట్టుకొచ్చి మధ్యలో పెట్టినట్టుంది నా పని. పక్కకి జరిగితే శ్యామ్ కనపడకుండా పోతారు. జరగకపోతే వెనకున్నవాళ్ళు తిడతారు.

"ఏవండీ, మీరు ఆగండి! అందరినీ పోనిద్దాం!"

"నువ్వు వెళ్ళు," అన్నారు తల తిప్పకుండా.

"మీరు ముందు ఆగండి!"

"ఉదయా, నువ్వు వెళ్ళు. నువ్వు వెళితే..." ఊపిరి అందక మాట పూర్తి కాలేదు. హ్యాండిల్ కొంచెం ఎడమకి తిప్పి, పొదకి ఆనుకుని నాకు దారి ఇచ్చారు.

అత్తయ్య అరచెయ్యి గుర్తొచ్చింది. పెడలు తొక్కాను.

పక్క నుంచి పోతుంటే ఆయన మొహం కనపడింది. సైకిలు మీద ఉండగా ఆయన మొహం చూడడం నాకదే మొదలు. ఎర్రగా, చెమటగా, విసుగ్గా ఉంది. వీపుని చూసి నేను ఊహించుకున్న మొహం అది కాదు. అంతలోనే దాటేశాను.

వెనక్కి చూడ్డానికి లేదు. రాళ్ళు, వేళ్ళు, మలుపులు. తల తిప్పితే పడతాను. రెండో ఎగుడు దగ్గర ఎవరో అబ్బాయిని దాటాను, వాడు నన్ను ఆశ్చర్యంగా చూశాడు. దిగుడులో కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, గాలికి. దాచుకోవడం ఎందుకు, చాలా బాగుంది. మొగుణ్ణి అడవిలో వదిలేసి వచ్చి బాగుందేమిటని మనసు పీకుతూనే ఉంది, కాళ్ళు మాత్రం వాటి దారిన అవి తొక్కుకుంటూ పోయాయి.

*

చివరి గీత దాటాక ఎవరో మెళ్ళో పతకం వేశారు. దారిలో నన్ను దాటిపోయిన భవాని అప్పటికే వచ్చి మజ్జిగ తాగుతోంది.

"అక్కా, కిరాక్ తొక్కినవ్! ఇన్ని దినాలు ఏడ దాచినవ్ గిదంత?"

"ఆయన వచ్చారా?"

"ఇంక రాలే. వస్తడు, ఫికర్ జెయ్యకు. వెనక రేసోళ్ళ మనిషి ఉంటడు గద."

ఒక్కొక్కళ్ళే వస్తున్నారు. నీలం జెర్సీ, పసుపు జెర్సీ, ఎరుపు. చెట్ల మధ్య ఏది కదిలినా లేచి నిలబడుతున్నాను. తర్వాత రావడం పలచబడింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఫోన్ మోగింది. అత్తయ్య.

"అయిపోయిందా? వాడేడీ?"

"వస్తున్నారండీ."

"వస్తున్నాడంటే? నీకు కనపడుతున్నాడా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"లేదండీ. నేను దాటి వచ్చేశాను."

అవతల టీవీలో ఏదో ప్రవచనం వినపడుతోంది. ఫోన్ పెట్టేశారు.

ఇంక కూర్చోలేకపోయాను. పతకం తీసి భవాని చేతిలో పెట్టి, బాట వెంబడి వెనక్కి నడవడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచాను. ఈ ఒక్కసారికి ఆయన్ని నాకిచ్చెయ్యండి, సైకిలు మీ గుడి ముందు కట్టేసి పోతాను అన్నాను. మూడు మలుపులు తిరిగేసరికి మాటలు వినపడ్డాయి.

ఆకుపచ్చ జెర్సీ. సైకిలు నడిపించుకుంటూ వస్తున్నారు. పక్కన రేసు వాళ్ళ తోక మనిషి, ఒక తెల్ల గడ్డం పెద్దాయన. ఇద్దరూ ఏదో నములుతూ, గింజలు పొదల్లోకి ఉమ్ముతూ, రైల్లో పరిచయమైన వాళ్ళలాగా కబుర్లాడుకుంటూ వస్తున్నారు.

"ఏమైంది? ఏమైందండీ?" అన్నాను, ఎదురు పరిగెత్తి.

"ఏమీ కాలేదే! ఇంద," అని జెర్సీ జేబులోంచి గుప్పెడు రేగుపళ్ళు తీసి నా చేతిలో పోశారు.

"ఇవెక్కడివి?"

"రెండో ఎగుడు మీద. ఆయాసం వచ్చి కూర్చున్నాను. పక్కనే చెట్టు."

నేను ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. పెదాలు మామూలుగా ఉన్నాయి. భుజాలు కిందికి ఉన్నాయి.

"ఆగారా?"

"ఆగాను. నువ్వు వెళ్ళగానే మొదటి ఎగుడులోనే దిగిపోయాను. తర్వాత అన్నిచోట్లా ఆగాను. ఒకచోట పడుకున్నాను కూడా. ఈయన దుప్పటి కప్పుతానన్నారు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఆగలేదు? నేను గొంతు చించుకుని అరిచానే!"

"అందుకే ఆగలేదు." ఒక గింజ ఉమ్మారు. "నేను ఆగితే నువ్వు చూస్తావు. నీ మొహం అదోలా అయిపోతుంది. ఇంటికెళ్ళి అమ్మకి చెబుతావు. రాత్రికి ఇద్దరూ నా పక్కన కూర్చుంటారు. ఒక్కసారి ఆగితే ఇక జన్మలో ఎక్కనివ్వరు. నువ్వు వెనకుంటే నేనెలా ఆగను ఉదయా?"

పెద్దాయన మర్యాదగా రెండడుగులు వెనకబడ్డాడు. నేను ఒక రేగుపండు నోట్లో వేసుకున్నాను. పుల్లగా ఉంది. కోపం, ఏడుపు, నవ్వు, మూడూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక ఇంకోటి వేసుకున్నాను.

*

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉన్నారు. కొడుకుని పైనుంచి కిందికి చూసుకున్నారు. నావైపు చూడలేదు. చెయ్యి వేసి మాట తప్పినదాన్ని, తలవంచుకుని నిలబడ్డాను.

"నేనే వెళ్ళమన్నానమ్మా," అన్నారు శ్యామ్. "తను వెళ్ళాకే ఆగగలిగాను." మిగిలిన రేగుపళ్ళు ఆవిడ చేతిలో పెట్టి, చెట్టు కింద ఎలా పడుకున్నారో మొత్తం చెప్పారు.

ఆవిడ అంతా విన్నారు. ఒక పండు చీర చెంగుకి తుడిచి కొరికి, "పులుపు," అన్నారు. ఆ పులుపే సాయంత్రం దాకా ఒక్కొక్కటిగా తింటూ కూర్చున్నారు. రాత్రి భోజనాల దగ్గర మేమిద్దరం ఆయన మొహంలోకి చూడకుండా మా కంచాల్లోకి చూసుకున్నాం. అలవాటు లేక పప్పు మీద పోసుకున్నాను.

తర్వాత వారంలో ఒక ఉదయం వంటింట్లో వంకాయలు తరుగుతుంటే తలుపు బయట వాటర్ క్యాన్ దించిన చప్పుడైంది. శ్యామ్ వెళ్ళి తలుపు తీశారు. హాల్లో పూలు కడుతున్న అత్తయ్య సగం లేచారు. నన్ను చూశారు. నా చేతిలో కత్తి ఆగిపోయి ఉంది. ఆవిడ మళ్ళీ కూర్చుని, తెగిన దారం వెతుక్కోవడం మొదలుపెట్టారు. నేను ఇంకో వంకాయ తీసుకున్నాను.

ఆయన క్యాన్ నడుం దాకా ఎత్తి, రెండడుగులు వేసి, హాలు మధ్యలో దించేశారు. దాని మూత మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. మేమెవరం ఏమీ అడగలేదు.

"ఉదయా," అన్నారు. "కొంచెం ఆయాసంగా ఉంది. ఓ చెయ్యి వెయ్యి."

ఇంట్లో ఆ మాట ఆయనంతట ఆయన అనడం అదే మొదటిసారి. వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి, చేతులు తుడుచుకుని, వెళ్ళి రెండో వైపు పట్టుకున్నాను.